'గురించి' నుంచి 'అని' దాకా: క్యాట్ ఆర్‌సీ సాధన, మొదటి వారం నుంచి పరీక్ష రోజు వరకు

ఎంబీఏ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష క్యాట్‌కు చదువుతూ, ఉలవపాడు నుంచి రోజూ కావలికి బస్సులో వచ్చే కుర్రాడొకడు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో లావుపాటి పదాల పుస్తకం ఉంది. వరసగా ఇంగ్లిష్ మాటలు, పక్కనే తెలుగు అర్థాలు. సగం పైనే బట్టీ పట్టేశాడు. "అయినా ఆర్‌సీలో పదహారు బిట్లకు ఐదు దాటడం లేదు సార్" అన్నాడు. ఆర్‌సీ అంటే రీడింగ్ కాంప్రహెన్షన్, ఇచ్చిన ప్యాసేజీ చదివి దాని మీది ప్రశ్నలకు జవాబు పెట్టడం. ముందురోజు అతను చేసిన ప్యాసేజీ ఒకటి తీసి, తెలియని మాటల కింద గీత గీయమన్నాను. 500 మాటల్లో ఆరింటికే గీత పడింది. కాగితం బోర్లించి, "ఆయన ఏం చెప్పాడో తెలుగులో చెప్పబ్బయ్యా" అన్నాను. కాసేపు ఆలోచించి, "నగరాల గురించి సార్. మధ్యలో చెట్ల గురించి కూడా చెప్పాడు" అన్నాడు.

జబ్బు ఆ 'గురించి'లో ఉంది. నగరాల గురించి రాశాడంటే ఏం రాసినట్టు? నగరాలు పెరగడం మంచిదని అన్నాడా, చెడ్డదని అన్నాడా, మంచిదని ఇన్నాళ్లూ అనుకున్నవాళ్లు పొరబడ్డారని అన్నాడా? ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వస్తాయి. 'గురించి' దగ్గర ఆగిపోయిన చదువుకు నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనిపిస్తాయి. 'అని' దాకా వెళ్లిన చదువుకు రెండు ఆప్షన్లు చూడగానే రాలిపోతాయి. ఇక్కడ చెప్పబోయే సాధన మొత్తం మొదటి మాట నుంచి రెండో మాటకు నడవడమే. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో బిట్ బ్యాంకులు తిరగేసి, ఇంజినీరింగో డిగ్రీయో చేస్తూ క్యాట్ రాయాలనుకుంటున్న కావలి, కందుకూరు, ఒంగోలు, గూడూరు పిల్లలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు లెక్క తెలియాలి

ఐఐఎంలు అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలు కలిసి నిర్వహించే క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. మొత్తం 120 నిమిషాలు, మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. మొదటిది వార్క్, అంటే ఇంగ్లిష్ సెక్షన్. ఒక సెక్షన్‌లో మిగిలిన టైము ఇంకోదానికి వాడుకోవడం కుదరదు. 2021 నుంచి 2024 వరకు వచ్చిన పేపర్లలో వార్క్‌కు 24 ప్రశ్నలు. అందులో నాలుగు ప్యాసేజీలు, ఒక్కోదానికి నాలుగు చొప్పున 16 ప్రశ్నలు ఆర్‌సీవే. ఒప్పుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే 1 మార్కు కోత. అంటే వార్క్‌లోని 72 మార్కుల్లో 48 ఆర్‌సీ చేతిలో ఉన్నాయి. మన పిల్లలు లెక్కల్లో గట్టివాళ్లు కాబట్టి క్వాంట్‌తో, అంటే లెక్కల సెక్షన్‌తో, గట్టెక్కుదామనుకుంటారు. కానీ మంచి ఐఐఎంలు ప్రతి సెక్షన్‌కూ విడిగా కనీస పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఎంతమంది కన్నా పైన ఉన్నారో చెప్పే అంకె) అడుగుతాయి. ఒక్క క్వాంట్ ఒడ్డు చేర్చదు.

ఇంకో లెక్క. ప్యాసేజీ సుమారు 500 మాటలు ఉంటుంది. నిమిషానికి 150 మాటలు చదివితే మూడు నిమిషాల ఇరవై సెకన్లలో అయిపోతుంది. 150 అంటే పెద్ద వేగమేమీ కాదు, పెదవులు కదిలిస్తూ చదివేవాడు కూడా దాదాపు అంత చదువుతాడు. ప్యాసేజీకి ఏడు నిమిషాలు పెట్టుకుంటే ప్రశ్నలకు మూడున్నర నిమిషాల పైనే మిగులుతుంది. కాబట్టి స్పీడ్ రీడింగ్ క్లాసుల కోసం డబ్బు పెట్టకండి. టైము చాలకపోవడానికి కారణం నెమ్మదిగా చదవడం కాదు, ప్రతి ప్రశ్నకూ మళ్లీ మొదటి నుంచి చదవాల్సి రావడం.

మొదటి మెట్టు: రెండు వారాలు తెలుగులోనే

ఈ మాట చెబితే చాలామంది ముఖం అదోలా పెడతారు. ఇంగ్లిష్ పరీక్షకు తెలుగు చదవడమేంటని. వాదనను పట్టుకునే అలవాటు ఏ భాషలో అయినా ఒకటే. అది తెలుగులోనే లేకపోతే ఇంగ్లిష్‌లో ఎక్కడి నుంచి వస్తుంది? పైగా తెలుగులో చదివితే 'మాటలు తెలియలేదు' అని తప్పించుకునే దారి ఉండదు.

రోజూ ఏదో ఒక తెలుగు దినపత్రిక సంపాదకీయ పేజీ తీసుకోండి. వార్త వద్దు, సంపాదకీయం గానీ పక్కనుండే వ్యాసం గానీ. ఒకసారి చదివి, పత్రిక మడిచి, రెండు వాక్యాలు రాయండి. రెండూ 'అని'తో ముగియాలి. మొదటిది: ఎవరు ఏమంటున్నారని రచయిత చెప్పాడు. రెండోది: దాని మీద తన మాట ఏమిటి. ఉదాహరణకు, "ఆక్వా చెరువుల వల్ల రైతు ఆదాయం పెరిగింది అని ప్రభుత్వం అంటోంది. పెరిగింది నిజమే గానీ ఆ లెక్కలో పక్క పొలాల్లో ఉప్పుతేలిన నీళ్ల నష్టం కలపలేదు అని రచయిత." ఇంతే. మొదటి మూడు నాలుగు రోజులు ఈ రెండు వాక్యాలు రాయలేక చిరాకు పడతారు. వారం దాటేసరికి చదువుతుండగానే ఆ 'అని'లు చెవిన పడటం మొదలవుతుంది.

మన భాషలో ఉన్న ఈ చిన్న మాట పెద్ద పనిముట్టు. తెలుగులో ఎవరి మాటైనా చెప్పాలంటే దాదాపుగా 'అని' పెట్టక తప్పదు. ఇంగ్లిష్ రచయితకు ఆ నిర్బంధం లేదు. అవతలివాడి వాదనను ఒక పేరా మొత్తం తన మాటలాగే రాసుకుంటూ పోయి, తర్వాతి పేరా మొదట్లో 'యెట్' అని ఒక్క మాట వేసి తిప్పేస్తాడు. 'అని' అతికించుకుంటూ చదవనివాడు అవతలివాడి మాటను రచయితకు అంటగడతాడు. మా క్లాసు గదిలో జరిగే తప్పుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

దగ్గర్లో గ్రంథాలయం ఉంటే అక్కడ కూర్చుని చేయండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ ఒంగోలు నుంచి దూరమేమీ కాదు. అక్కడి పాత పత్రికల్లో ఒకే సంగతి మీద ఇద్దరు చెరో మాట రాసిన వ్యాసాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ సాధనకు అంతకన్నా మంచి సరుకు ఉండదు. ఒక్క ఆదివారం వెళ్లి రండి.

రెండో మెట్టు: ఇంగ్లిష్ వాక్యం వెన్నెముక పట్టుకోవడం

తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. మనం అసలు సంగతి కోసం చివరిదాకా ఆగడానికి అలవాటుపడ్డాం. ఇంగ్లిష్‌లో కర్త, క్రియ ముందే వచ్చేసి, ఆ తర్వాత 'విచ్', 'హూ', 'దట్' అంటూ తోక సాగుతుంది. నలభై మాటల వాక్యం చివరికి వచ్చేసరికి మన పిల్లల బుర్రలో నిలిచేది ఆ తోకే. అసలు మాట మొదట్లోనే జారిపోయి ఉంటుంది.

దీనికి మందు విసుగ్గా ఉంటుంది కానీ పనిచేస్తుంది. మూడు వారాల పాటు రోజూ ఒక ఇంగ్లిష్ వ్యాసంలోంచి పది పొడవైన వాక్యాలు ఏరండి. ఒక్కోదానిలో కర్త కింద ఒక గీత, ప్రధాన క్రియ కింద రెండు గీతలు గీయండి. కామాల మధ్య ఇరుక్కున్నదాన్ని పెన్సిలుతో సన్నగా కొట్టేయండి. మిగిలినదాన్ని తెలుగులో చెప్పండి. ఆ తర్వాతే కొట్టేసినవి ఒక్కొక్కటీ తిరిగి కలపండి.

వ్యాసాల కోసం ఏయాన్, జేస్టోర్ డైలీ లాంటి ఉచిత సైట్లు చాలు. క్యాట్ ప్యాసేజీలు ఆ ధోరణిలోనే ఉంటాయి: తత్వం, చరిత్ర, పర్యావరణం, ఆర్థికం, సమాజం, కళావిమర్శ. క్రికెట్, సినిమా వార్తలు ఎన్ని చదివినా ఈ కండ పెరగదు.

ఈ మూడు వారాల్లోనే ఇంకో పని. మనల్ని పడగొట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు, తెలిసిన చిన్న మాటల కలయికలు. 'ఎనీథింగ్ బట్ సింపుల్' అంటే సులువే అనుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. దాని అర్థం ఎంతమాత్రం సులువు కాదని. 'నథింగ్ బట్' అంటే దానికి తలకిందులు, అదొక్కటే అని. 'ఫ్యూ' అంటే దాదాపు ఎవరూ లేరని, 'ఎ ఫ్యూ' అంటే కొందరున్నారని. 'నాట్ సో మచ్ ఎ ఫెయిల్యూర్ ఆఫ్ లా యాజ్ ఎ ఫెయిల్యూర్ ఆఫ్ విల్' అంటే లోపం చట్టానిది అనడం కన్నా చిత్తశుద్ధిది అనడం సబబు అని. రచయిత రెండోదాని వైపు ఉన్నాడు. మనవాళ్లు మొదట కనిపించిన 'ఫెయిల్యూర్ ఆఫ్ లా'ను పట్టుకుని ఆప్షన్ పెట్టేస్తారు. 'ఫార్ ఫ్రమ్', 'ఇఫ్ ఎనీథింగ్', 'మియర్లీ' లాంటివి మీకు ఎదురైనప్పుడల్లా నోట్‌బుక్‌లో వాక్యంతో సహా రాసుకోండి. వేల మాటల పుస్తకం కన్నా ఇలాంటి నలభై కలయికల పేజీ ఎక్కువ మార్కులు తెస్తుందని నా గట్టి నమ్మకం.

కొన్ని మాటలకు మనకు తెలిసిన అర్థం ఒకటి, ప్యాసేజీలో వచ్చేది ఇంకొకటి. 'క్వాలిఫైడ్ సపోర్ట్' అంటే అర్హత ఉన్న మద్దతు కాదు, షరతులు పెట్టి ఇచ్చిన మద్దతు. 'క్రిటికల్' అన్నంత మాత్రాన తిట్టాడని కాదు, పరిశీలించి తూచాడని కూడా. 'ఎంపిరికల్' అంటే చూసి, కొలిచి తేల్చినది. 'నార్మటివ్' అంటే ఉన్నదాన్ని కాక ఉండాల్సినదాన్ని చెప్పేది. 'యాంబివాలెంట్' అంటే పట్టనట్టు ఉండటం కాదు, రెండు వైపులా మనసు లాగడం. రచయిత స్వరం ఏమిటి అనే ప్రశ్నలో ఈ మాటలే ఆప్షన్లుగా వచ్చి కూర్చుంటాయి.

మూడో మెట్టు: ప్యాసేజీ చదివే తీరు

ప్రశ్నలు ముందు చదివి ఆ తర్వాత ప్యాసేజీలో జవాబు వెతకమని చాలాచోట్ల చెబుతారు. పదో తరగతి ఇంగ్లిష్ పేపరుకు అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ జవాబు ఒక వాక్యంలో అచ్చుగా ఉండేది. క్యాట్‌లో చాలా జవాబులు ఏ ఒక్క వాక్యంలోనూ ఉండవు. పైగా పరీక్ష స్క్రీన్ మీద ఎడమవైపు ప్యాసేజీ, కుడివైపు ఒక్కో ప్రశ్న కనిపిస్తాయి. నాలుగూ ఒకచోట చూడటం కుదరదు. కాబట్టి ముందు ప్యాసేజీ చదవండి.

ఒక్కో పేరా చివర రెండు సెకన్లు ఆగి, లోలోపల తెలుగులో ఒక్క ముక్క అనుకోండి. "ఇలా అని పాత చరిత్రకారులు." తర్వాతి పేరా: "కాదు, దానికి ఆధారం చాలదు అని ఈయన." ఆ తర్వాత: "ఒక ఉదాహరణ." ఉదాహరణ పేరాలో వివరాలన్నీ గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడకండి. ఎక్కడుందో తెలిస్తే చాలు, ప్రశ్న వస్తే వెనక్కి వెళ్లొచ్చు. 'హవెవర్', 'బట్', 'యెట్', 'రాదర్' కనిపించిన చోట మాత్రం వేగం తగ్గించండి. దారి మళ్లేది అక్కడే, ప్రశ్న పుట్టేదీ ఎక్కువగా అక్కడే.

రఫ్ పేపరు మీద ఎక్కువ రాయొద్దు. పేరాకు మూడు నాలుగు మాటలు, అవీ తెలుగులోనే అయినా ఎవరూ చూడరు.

నాలుగో మెట్టు: ఆప్షన్లు, ఇక్కడ ఎక్కువసేపు ఉందాం

దీన్ని చెప్పడానికి మన జిల్లా సంగతితోనే ఒక చిన్న ప్యాసేజీ రాశాను. పరీక్షలో ఇంగ్లిష్‌లో వస్తుంది, పొడవూ నాలుగింతలు ఉంటుంది, ఆలోచన మాత్రం ఇదే.

"ఒంగోలు గిత్త అంటే మనకు బండలాగుడు పందేలు గుర్తొస్తాయి. బ్రెజిల్‌లో ఇదే జాతిని నెల్లూరు పేరు మీద 'నెలోర్' అంటారు, అక్కడ దాన్ని పెంచేది ప్రధానంగా మాంసం కోసం. ఎండను, ఒంటిని పట్టే పురుగులను తట్టుకునే గుణం వల్లే ఈ జాతి అక్కడ అంతగా విస్తరించిందని సాధారణంగా చెబుతారు. ఆ గుణం ఉన్నమాట నిజమే. కానీ అదే గుణం ఇక్కడి పశువులోనూ ఉంది. అయినా ట్రాక్టరు వచ్చాక దుక్కిటెద్దుతో పని తగ్గి, ఇక్కడి రైతు దొడ్డిలో దాని సంఖ్య పడిపోయింది. ఒక జాతి వృద్ధి కావడానికి దాని ఒంట్లోని సత్తువ చాలదు. ఆ సత్తువతో పనిపడే వ్యవసాయం కూడా చుట్టూ ఉండాలి. బ్రెజిల్‌లో విశాలమైన పచ్చికబయళ్లు, మాంసానికి మార్కెట్టు ఉన్నాయి. మన దగ్గర మిగిలింది పందెం, పేరు."

ప్రశ్న: రచయిత ప్రధానంగా చెప్పేది ఏమిటి?

1. ఎండను తట్టుకునే గుణం వల్లే ఒంగోలు జాతి బ్రెజిల్‌లో విస్తరించింది.
2. ట్రాక్టర్లు రావడంతో ఒంగోలు జాతి పశువులు మన దగ్గర తగ్గిపోయాయి.
3. ఒక పశుజాతి వృద్ధికి దాని గుణాలతో పాటు ఆ గుణాలు పనికొచ్చే వ్యవసాయ పరిస్థితులు కూడా కావాలి.
4. మన రైతులు కూడా మాంసం కోసం పెంచితేనే ఒంగోలు జాతి నిలుస్తుంది.

ఆప్షన్లు చూడకముందే మీ జవాబు తెలుగులో అనుకోవాలి, ఇది తప్పనిసరి. "సత్తువ ఒక్కటే చాలదు, అవసరం కూడా ఉండాలి అని." ఇప్పుడు చూడండి.

మొదటిది ప్యాసేజీలో ఉన్న వాక్యమే. అందుకే చేయి అటు పోతుంది. 'అని సాధారణంగా చెబుతారు' అన్నది వదిలేస్తే అది రచయిత మాటైపోతుంది. రెండోది నిజం, రచయిత మాటే, కానీ పెద్ద మాటను నిలబెట్టడానికి తెచ్చిన ఒక రుజువు మాత్రమే. అడిగింది ప్రధానమైనది. నాలుగోది చాలా తెలివైన వల. చదివినవాడికి 'అయితే మనమూ అలా చేయాలి కదా' అనిపిస్తుంది. ఆ మాట మనకు అనిపించింది, రచయిత అనలేదు. పైగా 'పెంచితేనే' అని గట్టిగా బిగించారు. మూడోది కొంచెం చప్పగా, కొత్త మాటలతో ఉంది, ఒంగోలు పేరు కూడా లేదు. జవాబు అదే. క్యాట్‌లో సరైన ఆప్షన్ తరచూ ఇలాగే ప్యాసేజీ మాటలను వదిలేసి వేరే మాటల్లో వస్తుంది. ప్యాసేజీ మాటలు అచ్చుగా దించుకున్న ఆప్షన్‌ను ఒకసారి అనుమానించాకే ఒప్పుకోండి.

ఇదే ప్యాసేజీ మీద ఇంకో రకం ప్రశ్న: కింది వాటిలో ఏది నిజమైతే రచయిత వాదన బలహీనపడుతుంది? ఒక ఆప్షన్ ఇలా ఉందనుకోండి: "పచ్చికబయళ్లు, మాంసం మార్కెట్టు ఉన్న మరో దేశంలో ఈ జాతి నిలవలేదు." ఇంకొకటి: "దుక్కికీ, పాలకూ, మాంసానికీ ఎవరూ వాడుకోని చోట కూడా ఈ జాతి మందలు ఏటేటా పెరుగుతున్నాయి." మా గదిలో ఎక్కువమంది మొదటిదే పెట్టారు. ఆగి చూడండి. పరిస్థితులు ఉంటే చాలు అని రచయిత అనలేదు, అవి 'కూడా ఉండాలి' అన్నాడు. అవి ఉండి కూడా జాతి నిలవకపోతే, ఇంకేదో కూడా కావాలేమో అనిపిస్తుంది తప్ప ఆయన మాట తప్పని తేలదు. రెండోదానిలో ఆ పరిస్థితులు లేకుండానే జాతి పెరిగింది. అప్పుడు 'ఉండాలి' అన్నది కూలిపోతుంది. 'చాలు'కూ 'కావాలి'కీ ఉన్న ఈ తేడా పట్టుబడితే బలపరిచే, బలహీనపరిచే ప్రశ్నల్లో సగం భయం పోతుంది. ఆ తేడా మన ఇళ్లల్లో రోజూ వాడే మాటల్లోనే ఉంది: పొంగలికి బియ్యం కావాలి, బియ్యం ఒక్కటే ఉంటే చాలదు.

'ఇన్ఫర్' అని అడిగే ప్రశ్నలకు ఇంకో మాట. దాన్ని మన పుస్తకాల్లో 'ఊహించు' అని రాస్తారు, దాంతో పిల్లలు నిజంగానే ఊహల్లోకి వెళ్లిపోతారు. దాన్ని 'అన్నట్టే కదా' అని అర్థం చేసుకోండి. "ఆయన ఇలా అన్నాడంటే, ఇలా అన్నట్టే కదా?" అని గట్టిగా అడగండి. 'ఏమో, కాకపోవచ్చు' అని లోపలి నుంచి వినిపిస్తే అది జవాబు కాదు. ఒంగోలు ప్యాసేజీ నుంచి "ఎండను తట్టుకునే గుణం ఒక్కటే బ్రెజిల్ ఫలితానికి పూర్తి కారణం కాదు" అనేది అన్నట్టే. "బ్రెజిల్ రైతులు మనకన్నా ధనవంతులు" అనేది ఏమో.

'ఎక్సెప్ట్' ప్రశ్నల్లో మూడు ఒప్పు ఆప్షన్లు, ఒక తప్పు ఆప్షన్ ఉంటాయి. తప్పునే పెట్టాలి. హడావుడిలో మొదట కనిపించిన ఒప్పును నొక్కేస్తారు. రఫ్ పేపరు మీద 1, 2, 3, 4 వేసి పక్కన టిక్కు, ఇంటూ పెట్టుకుంటే ఈ పొరపాటు పోతుంది.

ఇక ఎన్ని పెట్టాలనే లెక్క. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేది సున్నా: ఒకసారి 3 వస్తే మూడుసార్లు 1 చొప్పున పోతుంది. రెండింటిని కారణంతో కొట్టేయగలిగితే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం సగటున 1 మార్కు లాభం. కాబట్టి రెండు కొట్టేస్తే పెట్టండి, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి. 12 చేసి 9 ఒప్పయితే 24 మార్కులు. అవే 9 ఒప్పులకు 16 చేస్తే 20.

ఐదో మెట్టు: తప్పుల నోట్‌బుక్

ప్యాసేజీ చేయడానికి ఏడు నిమిషాలు పడితే, దాన్ని విప్పి చూడటానికి ఇరవై నిమిషాలు పెట్టండి. ఈ ఇరవై నిమిషాలు లేకపోతే వంద ప్యాసేజీలు చేసినా మొదటి రోజు తప్పులే వందోరోజూ చేస్తారు. నేను చూసిన పిల్లల్లో మారినవాళ్లకు, మారనివాళ్లకు తేడా ఈ నోట్‌బుక్ దగ్గరే కనిపించింది.

ఒప్పు జవాబు చూడకముందే ప్రతి ప్రశ్నకూ ఒక వాక్యం రాయండి: నేను ఇది ఎందుకు పెట్టాను, మిగతా మూడూ ఎందుకు కొట్టేశాను. తర్వాత కీ చూడండి. తప్పిన చోట తప్పు పేరు రాయండి. పేర్లు మీవే పెట్టుకోండి. మా గదిలో నడిచేవి ఇవి: 'అవతలివాడి మాట', 'నిజమే గానీ అడగలేదు', 'నాకు అనిపించింది', 'బిగించిన మాట', అంటే 'ఎప్పుడూ', 'ఒక్కటే', '-తేనే' లాంటివి, 'వాక్యం వెన్నెముక పోయింది'. పది ప్యాసేజీలయ్యాక లెక్కపెట్టండి. ఒకటి రెండు పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. ఉలవపాడు అబ్బాయికి పదింట ఆరు 'అవతలివాడి మాట'వే. పదాల పుస్తకం పక్కనపెట్టి నెలరోజులు ఆ ఒక్కదాని మీదే పనిచేశాడు.

ఒప్పు వచ్చినవి కూడా చూడండి. కారణం తప్పై జవాబు ఒప్పయితే దాన్ని తప్పు కిందే రాసుకోండి.

ఆరో మెట్టు: ఇరవై వారాల పంపకం

జూలై మొదట్లో మొదలుపెడితే నవంబరు చివరికి సుమారు ఇరవై వారాలు. రెండు వారాలు తెలుగు వ్యాసాలు, మూడు వారాలు వాక్యాలు అయ్యాక అసలు పేపర్లలోకి దిగండి. 2021 నుంచి 2024 దాకా ఏటా మూడు స్లాట్లు, అంటే ఒకే రోజు మూడు విడతలుగా పెట్టిన వేర్వేరు పేపర్లు, స్లాట్‌కు నాలుగు ప్యాసేజీలు. నాలుగేళ్లకు 48 ప్యాసేజీలు, 192 ప్రశ్నలు. ఇవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంతకు మించిన సరుకు ఏ కోచింగ్ మెటీరియల్‌లోనూ లేదు, ఎందుకంటే అసలు పేపరు పెట్టేవాళ్ల వల తీరు అందులోనే తెలుస్తుంది. వీటిని ఒక్క వారంలో ఊదేయకండి. 2021, 2022, 2023వి 36 ప్యాసేజీలు, వారానికి మూడు చొప్పున పన్నెండు వారాలు. మొదటి ఆరు వారాలు గడియారం వద్దు. ఆ తర్వాత ప్యాసేజీకి పది నిమిషాలు, అక్కడి నుంచి ఎనిమిది, చివరికి ఏడు. 2024వి మూడు స్లాట్లూ తెరవకుండా దాచి, చివరి మూడు వారాల్లో వారానికి ఒకటి 40 నిమిషాల పూర్తి సెక్షన్‌గా రాయండి.

ప్యాసేజీలు కాగితం మీద ప్రింటు తీసుకుని చేసే అలవాటుంటే ఏడో వారానికల్లా మానేయండి. పరీక్ష స్క్రీన్ మీదే. ఫోను కాదు, కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబులో అడగండి.

సింగరాయకొండ నుంచి ఒంగోలుకో, గూడూరు నుంచి నెల్లూరుకో రోజూ రైల్లో తిరిగేవాళ్లు ఆ ప్రయాణాన్ని పాత ప్యాసేజీని తెలుగులో చెప్పుకోవడానికి వాడుకోండి. సీటు దొరకకపోయినా చేయొచ్చు, పుస్తకం అక్కర్లేదు. పక్కన స్నేహితుడుంటే ఇంకా మంచిది: ఒకరు చెప్పాలి, రెండోవాడు ప్రతి వాక్యానికీ "అని ఎవరన్నారు?" అని అడగాలి. సంక్రాంతికి నెల ముందు మొదలుపెట్టి వచ్చే నవంబరుకు రాద్దామనుకునేవాళ్లకు ఇంకా వెసులుబాటు, తెలుగు వ్యాసాలను రెండు నెలలు సాగదీయవచ్చు.

పరీక్ష రోజు

సెక్షన్ తెరుచుకోగానే మొదటి ప్యాసేజీలో దూకకండి. నాలుగు ప్యాసేజీల మొదటి మూడు నాలుగు వాక్యాలు చూడండి, మొత్తం రెండు నిమిషాలు. ఏదానికి మీ మనసులో 'అని' తొందరగా పలికిందో అది ముందు. సబ్జెక్టు తెలిసినదా కాదా అన్నది చూడొద్దు. కంప్యూటర్ల గురించి రాసిన ప్యాసేజీ అని ఎగబడి, మనకు తెలిసినది అందులోకి చొప్పించి తప్పులు పెట్టిన ఇంజినీరింగ్ పిల్లలు చాలామంది. తెలియని సబ్జెక్టే కొన్నిసార్లు నయం, రచయిత చెప్పినదాన్నే వింటాం.

మూడు ప్యాసేజీలు నెమ్మదిగా, బాగా చేస్తే సుమారు 22 నిమిషాలు. మిగిలిన ఎనిమిది ప్రశ్నలు, అంటే పేరా సారాంశం, చెదిరిన వాక్యాల వరస లాంటివి, పది నిమిషాల్లో ముగించండి. వాటిలో ఆప్షన్లు లేకుండా అంకె టైపు చేసేవి ఉంటే వాటికి కోత లేదు, ఖాళీగా వదలొద్దు. చివరి ఆరు నిమిషాలు నాలుగో ప్యాసేజీకి: మొదటి పేరా, చివరి పేరా చదివి ప్రధాన విషయం అడిగిన ప్రశ్న ఒకటి, ఒక పేరాలోని వివరం అడిగిన ప్రశ్న ఒకటి చేసి మిగతావి వదిలేయండి.

మధ్యలో ఒక వాక్యం మూడుసార్లు చదివినా అర్థం కాకపోతే అది మీ ఇంగ్లిష్ తప్పు అనుకుని అక్కడే కూర్చోకండి. ముందుకెళ్లి తర్వాతి వాక్యం చదవండి. రచయితలు గడ్డు మాట చెప్పిన వెంటనే దాన్నే తేలిక మాటల్లో మళ్లీ చెప్పడం మామూలే. అది కూడా దొరకకపోతే కర్త, క్రియ పట్టుకుని, తెలుగులో ఒక్క ముక్క అనుకుని, పక్కన 'అని' పెట్టుకుని తర్వాతి పేరాకు కదలండి.